గెత్తం బళ్ల లెక్క

టోల్‌గేట్లు దేశానికి మంచివా చెడ్డవా, రోడ్లు ప్రభుత్వమే వేయాలా, ప్రైవేటు వాళ్లను కలుపుకోవాలా అని మా వీధిలో ఇంజనీరింగు చదువుతున్న వాళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు. ఉద్యోగమంతా రోడ్ల శాఖలోనే చేసి రిటైరైనవాడు గట్టి అభిప్రాయం ఏదో చెబుతాడని వాళ్ల ఆశ. నా దగ్గర అభిప్రాయం లేదు. గెత్తం గురించి ఒక సంగతి మాత్రం ఉంది.

గెత్తం అంటే తెలియని వాళ్లు మీలో ఉండొచ్చు. పశువుల పేడ, పొయ్యిలో బూడిద, శాల ఊడ్చిన చెత్త, ఇవన్నీ ఏడాది పొడుగునా గోతిలో వేసి మాగబెట్టిన ఎరువును మా శ్రీకాకుళం వైపు అలా అంటారు. ఎండలు ముదిరాక గోతులు తవ్వి, బళ్లకెత్తి, పొలాల్లో కుప్పలు పోస్తారు. తొలకరి పడేలోగా ఆ పని అయిపోవాలి. నాన్నగారు విజయనగరంలో బడిపంతులు. మా ఇంట్లో గోవు లేదు, పొలం లేదు. కాబట్టి ఉద్యోగంలో చేరేనాటికి నాకు కూడా గెత్తం గురించి ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ లేదు.

అరవైల చివరి సంవత్సరాలు. డిప్లొమా చేతపట్టుకుని సూపర్‌వైజరుగా చేరాను. పాతపట్నం వెళ్లే దారిలో ఒక ఏటి మీద వంతెన పని చూడమని వేశారు. వెళ్లి చూస్తే అక్కడ వంతెన ఉంది, పని లేదు. స్తంభాలు లేచాయి, పైన శ్లాబు పడింది, ఆ పైన డబ్బు అయిపోయింది. రెండు గట్ల నుంచీ వంతెన మీదికి ఎక్కడానికి మట్టి పోసి కట్టాల్సిన దారులు కట్టలేదు. ఏటి మధ్యలో మనిషికి రెండు నిలువుల ఎత్తున వంతెన నిలబడి ఉంటుంది, దాని కిందినుంచి ఎడ్లబళ్లు ఇసకలో దాటి వెళుతుంటాయి. ఎండవేళ బళ్లవాళ్లు ఆ నీడలో ఎడ్లను విప్పి చుట్ట కాల్చుకునేవారు. ప్రభుత్వం తమకోసం మంచి చలవపందిరి వేయించిందని నాతో అనేవారు.

అలా రెండు వానాకాలాలు గడిచాక నరసన్నపేట షావుకారు ఒకాయన ముందుకొచ్చాడు. ఆయనకు బియ్యం మిల్లు ఉంది. వానలకు ఏరు నిండితే అవతలి ధాన్యం మిల్లుకు రాదు. అందుకని దారులు రెండూ తన ఖర్చుతో కట్టిస్తాననీ, బదులుగా అయిదేళ్లు గేటు పెట్టి బండికింత, లారీకింత వసూలు చేసుకోనివ్వమనీ అర్జీ పెట్టాడు. ఇప్పుడు దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. అప్పుడు మా ఆఫీసులో దాన్ని షావుకారు వంతెన అనేవారు.

ఆయన డబ్బు పెట్టే ముందు ఒకటడిగాడు, ఎన్ని బళ్లు వస్తాయో లెక్క తీసి కాగితం మీద ఇమ్మని. న్యాయమైన కోరిక. ఆ లెక్క తీసే పని నా మీద పడింది.

బళ్ల లెక్కకు మా శాఖలో ఒక పద్ధతి ఉండేది. బళ్లు ఏటిలో దిగే రేవు దగ్గర తాటాకు పాక వేసి, చదువురాని ముసలి కూలీ ఒకణ్ణి కూర్చోబెట్టి, మూడు ముంతలు, బుట్టెడు చింతపిక్కలు ఇచ్చేవాళ్లం. బండి దాటితే ఒక ముంతలో పిక్క, లారీకి రెండోది, మిగతా వాటికి మూడోది. పొద్దుటినుంచి మునిమాపు దాకా అతను పిక్కలు వేస్తాడు, సాయంత్రం నేను సైకిలు మీద వెళ్లి లెక్కపెట్టి ఫారం నింపుతాను. వారం రోజులు. ఏరు ఎండితే గాని బళ్లు దాటవు కాబట్టి లెక్క ఎండాకాలంలోనే తీయాలి. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ కనపడలేదు, నాకు సరేసరి.

బళ్ల ముంతలో రోజుకు నాలుగు వందల పిక్కలు పడ్డాయి. నేను ఉబ్బిపోయాను. ఫారంలో ‘సరుకు రకం’ అని ఒక గడి ఉంటుంది. బళ్లలో ఏముందని కూలీని అడిగితే ‘గెత్తం’ అని ముక్కు మూసుకుని నవ్వాడు. ఊరి మాట ఏదో ఉంటుందిలే అనుకుని ఆ గడిలో ‘వ్యవసాయ ఉత్పత్తులు’ అని మంచి దస్తూరీతో రాశాను.

ఒప్పందం కాగితం చిత్తుప్రతి కూడా నా చేతనే రాయించారు. నమూనా ఏదీ లేదు. రికార్డుల గదిలో పాత బల్లకట్టు రేవు కౌలు కాగితం దొరికింది. రేవుకు పైనా కిందా రెండు మైళ్ల దాకా ఇంకెవరూ పడవ నడపకూడదని అందులో ఒక షరతు. పడవ కొట్టేసి బండి అని రాశాను. గేటుకు ఇటూ అటూ రెండు మైళ్లలో ఏరు దాటే బండిదారి ఉండకూడదు. నీళ్లున్న రోజుల కోసం రాసిన షరతు ఎండిన ఇసకకు వర్తింపజేస్తున్నానన్న ఆలోచన నాకు రాలేదు. పైన సంతకాలు పెట్టిన నలుగురికీ రాలేదు.

షావుకారు మిల్లును తాకట్టు పెట్టి దారులు కట్టించాడు. మట్టిపని దగ్గర ఎండలో గొడుగు వేసుకుని నిలబడేవాడు. మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి వంతెన తెరిచారు. గేటు, గేటు పక్కన పాక, పాక మీద రేట్ల పలక. లారీకి ఇంత, బండికి ఇంత, మందలో పశువుకు ఇంత. అడుగున ‘కాలినడకన పోవువారికి లేదు’ అని రాసి ఉంది. ఆ పలక మీద అక్షరాలు కూడా నావే.

మొదటి వారం గేటు దగ్గర లారీలు కొన్ని, బాడుగ బళ్లు కొన్ని ఆగాయి. నా నాలుగు వందల బళ్లు మాత్రం రాలేదు. అవి ఎప్పటిలాగే వంతెన కింద ఇసకలో పోతున్నాయి. షావుకారు రేవు దగ్గరి నా పాకకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత సుళువుగా ఉండేది.

“ఏటండీ సూపర్‌వైజరుగారూ ఇది. నాలుగొందల బళ్లని తవరే రాసిచ్చినారు. అవన్నీ కింద నుంచి ఎల్లిపోతన్నాయి. నాను పైన కూకుని సూస్తన్నాను.”

“అలవాటు మీద పోతున్నారండీ. నాలుగు రోజులాగితే ఎక్కుతారు.”

“నాలుగు రోజులాగితే నా మిల్లు ఎల్లిపోద్ది. కాయితంలో ఉన్నాది కదా, కింద దారి ఉండకూడదని. అది మూయించండి.”

ఆయన అడిగింది కాగితంలో ఉంది. కాగితం నేను రాసింది. అర్జీ పైకి వెళ్లింది, పైనుంచి ఉత్తరువు కిందికొచ్చింది. రేవుకు అడ్డంగా బండి దిగకుండా కందకం తవ్వించమని. ఆ ఉత్తరువు నా పేరునే వచ్చింది. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

పాతికమంది కూలీలతో, మేస్త్రీతో పొద్దున్నే రేవులోకి దిగాను. ముగ్గుతో గీత వేయించాను. మొదటి పలుగు పడేలోగా ఇవతలి గట్టు మీదినుంచి ఒక బండి దిగింది. తోలుతున్నది అరవై దాటిన మనిషి, ఆడమనిషి. మొగుడు పోయాక ఎడ్లను, బండిని, అవతల ఉన్న ఎకరం మడినీ తానే చూసుకుంటోందని తర్వాత తెలిసింది. చీర మోకాళ్లకు ఎగ్గట్టి, తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. బండి నిండా గెత్తం. ముగ్గు గీత దగ్గర ఎడ్లను నిలిపింది.

“ఏటి బాబూ ఇది? ముగ్గెట్టినారు, పండగేటి?”

మేస్త్రీ చెప్పాడు. “దారి మూసేస్తన్నారమ్మా. ఇకనుంచి బళ్లు పైనుంచి ఎల్లాల. గేటు డబ్బులు కట్టాల.”

“బండికా, మనిసికా?”

“బండికి. ఎల్లినప్పుడు ఒకపాలి, ఒచ్చినప్పుడు ఒకపాలి.”

ఆమె బండి దిగింది. నా వైపు చూసింది. నిరుటి లెక్కల రోజుల్లో నన్ను సైకిలు మీద చూసిన గుర్తు ఉన్నట్టుంది.

“పిక్కలెట్టినోడివి నువ్వేనా బాబూ?”

అవునన్నాను.

“నిరుడు నాను రోజుకి ఎనిమిది బళ్లు తోలినాను. ఎల్లినప్పుడో పిక్క, ఒచ్చినప్పుడో పిక్క. పదారు. ఆ తాత ఏస్తుంటే నాను సూసినాను. ఉన్నది నానొక్కత్తినే. నీ ముంతలోన పదారుమందినైపోయినాను. మా ఊరు బళ్లు పాతిక. అందరివీ మళ్లు అవతలే. అందరం గెత్తమే తోలినాం. గెత్తానికి గేటు కడితే ఆ మడిలోన పండేదంతా ఆ గేటోడికే పోద్ది. అది నీకు తెలీదేటి?”

ఆమె కోపంగా అనలేదు. వెనకబడిన పిల్లవాడికి గుణకారం చెప్పినట్టు చెప్పింది. నేను మనసులో పాతికను పదహారుతో హెచ్చించుకున్నాను. నాలుగు వందలు. పిక్కలన్నీ సరిపోయాయి, ఒక్కటి మిగల్లేదు. నిరుడు నేను లెక్కపెట్టిన రద్దీ అంతా ఒక ఊరు తన పెరట్లోకి వెళ్లి రావడం. ఆ గెత్తం రోజులు తప్పితే ఏడాదిలో ఇంకెప్పుడూ అన్ని బళ్లు ఆ ఏరు దాటవు. దాన్ని చూపించి ఒక మనిషి చేత మిల్లు తాకట్టు పెట్టించాను.

నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యాక కూడా తవ్వమన్నాను. ఈ మాట ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను, కాబట్టి నెమ్మదిగా చదవండి. ఉత్తరువు నా జేబులో ఉంది, కూలీలు నిలబడి ఉన్నారు, పర్మినెంటు కాగితం పైఅధికారి బల్ల మీద ఉంది. నా లెక్క తప్పని ఆరోజే చెబితే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆమె బండిని ఆఖరిసారి దాటనిచ్చాను. అదే పెద్ద దయ అనుకున్నాను. ఆమె అవతల గెత్తం దింపి వచ్చేసరికి కందకం నడుము లోతైంది. ఖాళీ బండికి గేటు కట్టి వంతెన మీదినుంచి ఇంటికి పోయింది. ఆ ఊరి నుంచి గేటు కట్టిన మొదటి బండి అదే.

ఆ తర్వాత మూడు రోజులు బళ్లు ఎక్కడా కనపడలేదు. షావుకారు గేటు దగ్గర, నేను పాక దగ్గర ఎదురుచూశాం. నాలుగో రోజు ఉదయం ఊరు ఊరంతా వచ్చింది, బళ్లు లేకుండా. ఆడా మగా నెత్తి మీద గంపలు పెట్టుకుని, గంపల నిండా గెత్తంతో, వరసగా వంతెన ఎక్కారు. రేట్ల పలక అడుగున నేను రాసిన వాక్యాన్ని ఊళ్లో చదువొచ్చినవాడెవడో చదివి చెప్పాడు. కాలినడకన పోవువారికి లేదు. గేటు మనిషి కర్ర పట్టుకుని లేచి, పలక చూసి, మళ్లీ కూర్చున్నాడు.

ఒక బండిలో పట్టేది ఎన్ని గంపలవుతుందో నాకు ఇప్పటికీ లెక్క కట్టబుద్ధి కాదు. వాళ్లు నినాదాలు ఇవ్వలేదు, నన్ను తిట్టలేదు. మోశారు, అంతే. వెళ్లేవాళ్లు ఒక పక్క, వచ్చేవాళ్లు ఒక పక్క. కొత్త వంతెన మీద గెత్తం జారి పడి, దాని మీద కాళ్లు పడి, రెండు రోజుల్లో అది పశువులశాలలా అయింది. ఆ ముసలామె కూడా వరసలోనే ఉంది. గంప ఆమె తలకన్నా పెద్దది. వంతెన మధ్యకొచ్చాక ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడి మళ్లీ నడిచేది.

మోత మొదలైన మూడోరోజు షావుకారు గేటు పాక ముందు రెండు కుండలు పెట్టించి, తానే గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. “తాగండమ్మా, తాగండి. నీళ్లకి గేటు నేదు” అన్నాడు. కొందరు తాగారు. నావైపు తిరిగి, “ఈళ్ల మీద బతకాలని నాను గేటెట్టనేదండీ, బాడుగ బళ్ల మీద, లారీల మీద బతుకుదావనుకున్నాను. ఈళ్ల గెత్తం బళ్లని బాడుగ బళ్లతో కలిపేసినోళ్లు తవరు” అన్నాడు. ఆయన కష్టం కూడా నిజమే. ఆ రోజు నాకు తలెత్తుకుని చూడదగ్గ మొహం ఆ వంతెన మీద ఒక్కటి కూడా లేదు.

ఏజెన్సీ కొండల్లో నక్సలైటు గొడవలు మొదలైన రోజులవి. ఎక్కడైనా జనం గుంపుగా నడుస్తున్నారంటే పైవాళ్లకు నిద్ర పట్టేది కాదు. మధ్యాహ్నానికి మా ఇంజనీరుగారి జీపు వచ్చింది. ఆయన గోదావరి వైపు మనిషి. ఎప్పుడూ లవంగం నములుతూ ఉండేవారు, గొంతు పెంచేవారు కాదు. వంతెన మీద కాస్త నడిచి, బూటు అడుగు చూసుకుని, వెనక్కొచ్చారు.

“ఏవయ్యా, ఏంటిది?”

“గెత్తమండి.”

“అది వాసనే చెబుతోంది. ఎందుకిలా మోస్తున్నారు?”

కందకం వల్లనని చెప్పి ఊరుకోవచ్చు. అదీ నిజమే. అప్పుడే ఆ ముసలామె ఖాళీ గంపతో మా పక్కనుంచి వెళ్లింది. ఆగకుండా గోతుల వైపు నడిచింది. నేను నా పాకలోకి వెళ్లి, నిరుడు ఆఖరి రోజు పిక్కలతో వదిలేసిన ముంత ఇంకా మూలనే ఉంటే తెచ్చి, జీపు బానెట్ మీద పిక్కలు గుమ్మరించాను. పదహారేసి చొప్పున కుప్పలు పెట్టి, ఒక్కొక్క కుప్ప ఒక్కొక్క బండి అని చెప్పాను. పాతిక కుప్పలయ్యాయి. ఇంజనీరుగారు నమలడం ఆపారు.

“ఇది నీకు ఎప్పుడు తెలిసింది?”

“కందకం తవ్వేముందండి.”

“ముందా, తర్వాతా?”

“ముందేనండి.”

ఆయన కుప్పలన్నీ ఒకసారి వేలితో లెక్కపెట్టుకున్నారు. “తర్వాత అని ఉంటే నిన్ను కాపాడేవాణ్ణి. సరే, కాగితం మీద పెట్టు” అన్నారు. ఆ సాయంత్రమే పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన మొదటి సరైన రిపోర్టు అదే.

కాగితాలు వాటి వేగంతో అవి నడిచాయి. ఆ ఊరి వ్యవసాయపు బళ్లకు గేటు లేదు, కందకం పూడ్చాలి, నష్టానికి బదులు షావుకారుకు గేటు అయిదేళ్ల నుంచి పదకొండేళ్లకు పొడిగించాలి అని తీర్మానం. అంటే నా తప్పుకు ఆ ఆరేళ్లూ దారిన పోయే కొత్తవాళ్లు మూల్యం కట్టారు. నాకు ఒక ఇంక్రిమెంటు కోత, పర్మినెంటు ఏడాది వాయిదా, విజయనగరం ఆఫీసులో డ్రాయింగుల గదికి బదిలీ. మా ఆఫీసులో కొందరు అది శిక్షని తెలియక, సొంతూరు దొరికింది, ఎవర్ని పట్టావురా అని నన్ను అభినందించారు. నేను కాదనలేదు.

బదిలీ మీద వెళ్లేలోగా రెండు పనులు అప్పగించారు. ఊరి బళ్లను గేటువాడు గుర్తుపట్టడానికి వాటి కాడి మీద తారుతో మచ్చ పెట్టడం మొదటిది. తారు డబ్బా పట్టుకుని ఊళ్లోకి వెళ్లాను. ఆ ముసలామె తన కాడికి మచ్చ పెట్టనివ్వలేదు. “మా ఏరు మాం దాటతన్నాం. మచ్చెట్టాలంటే బయటినుంచి ఒచ్చినోలికి ఎట్టు” అంది. ఆమె బండిని మచ్చ లేకుండానే వదలమని గేటువాడికి చెప్పి వచ్చాను. అయితే అప్పటికే తొలకరి పడిపోయింది. కందకం పూడ్చిన వారానికే ఏరు వచ్చింది. గోతుల్లో మిగిలిన గెత్తం గోతుల్లోనే నానింది.

మీరు అడిగిన ప్రశ్న నేను మరిచిపోలేదు. షావుకారు లేకపోతే ఆ వంతెన ఇంకెన్నేళ్లు గాలిలో ఉండేదో చెప్పలేను. ఆ వానాకాలం అవతలి ఊళ్లనుంచి జ్వరం మనుషులను, నెలలు నిండినవాళ్లను ఏరు నిండి ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ డబ్బు ఆయనదే, ప్రభుత్వానిది కాదు. గేటు ఉండాలా వద్దా అన్నది పెద్దవాళ్లు తేల్చుకోవాల్సిన మాట. గేటు దగ్గర ఆగేది ఎవరు, ఎక్కడికి, ఎన్నిసార్లు పోవాలి అన్నది మాత్రం చిన్నవాళ్లు, అంటే మీరూ నేనూ, వెళ్లి అడిగి తెలుసుకోవాల్సింది. ఇప్పుడు కార్ల అద్దాల మీద చీటీలు అతికిస్తున్నారు, గేటు తనంతట తానే లేస్తోంది. పని సుళువైంది. చీటీ కూడా చింతపిక్క లాంటిదే. బండి దాటిందని చెబుతుంది, ఎందుకు దాటిందో చెప్పదు.

బదిలీకి ముందు నాకు అప్పగించిన రెండో పని, మళ్లీ లెక్క. ఈసారి పిక్కలు పట్టుకెళ్లలేదు. వారం రోజులు గేటు దగ్గర నేనే కూర్చుని ప్రతి బండినీ ఆపి, ఎవరు, ఏ ఊరు, ఏం పని అని అడిగాను. ఫారంలో చోటు చాలక వెనక పక్క రాశాను. ఆ ఊరి మనుషుల పేర్లన్నీ నాకు అప్పుడే తెలిశాయి.

ఆఖరి రోజు సాయంత్రం ఏరు దాటి ముసలామె మడి దగ్గరికి వెళ్లాను. వరి పొట్టకొచ్చే కాలం. గట్టు మీద కూర్చుని గడ్డి కోస్తోంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనీ అనలేదు. కొడవలితో మడి వైపు చూపించింది. చేను సగం దాకా నల్లగా, దుబ్బులు కట్టి, నడుమెత్తున ఉంది. అక్కడినుంచి అవతలి గట్టు దాకా పసుపుబారి పలచగా మోకాళ్లెత్తున ఉంది. మధ్యలో గీత గీసినట్టు ఉంది. గెత్తం ఎంతవరకు చేరిందో అంతవరకే పైరు.

“అదిగో, అక్కడిదాకా నా నెత్తి మీదెల్లింది. అవతలిది నీ కందకం.”

 క్షమించమని అడగలేదు. పోయిన పంట ఆమెది, పోయిన ఇంక్రిమెంటు నాది, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి నాకు సిగ్గేసింది. ఆమె మళ్లీ గడ్డి కోయడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

“మళ్లీ లెక్కెట్టినావంట?”

“పెట్టానమ్మా.”

“ఈపాలి నన్నెన్నిపాలు ఎట్టినావు?”

“ఒక్కసారే.”

ఆమె ఒక పిడికెడు గడ్డి దులిపి మోపులో వేసింది.

“ఇంకేటి మరి. ఎల్లు, పొద్దుపోతంది” అంది.